ఒంటరి అంతరాత్మ, నలుగురి తోడు: కాంకర్డ్ అతీతవాదంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయితలైన ఎమర్సన్‌నూ థోరోనూ చదివిన తెలుగు పాఠకులు చాలామంది ఒకే సందేహం దగ్గర ఆగుతారు. ఎవరేమన్నా నీ అంతరాత్మ చెప్పిన దారిలోనే నడవమని వీరు చెప్పే మాట ఉత్తేజాన్నిస్తుంది. కానీ పుట్టినప్పుడు ఎత్తుకోవడానికీ, పోయినప్పుడు మోయడానికీ నలుగురు కావలసిన మనిషికి ఆ మాట ఎంతవరకు సరిపోతుంది? నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు పుస్తకాల్లోని వాక్యాలతో పాటు ఆ పుస్తకాలు రాసినవారి జీవితాలను కూడా దగ్గర పెట్టుకుని ఇక్కడ జవాబులు రాశాను.

అతీతవాదం అంటే ఏమిటి? అది ఎక్కడ పుట్టింది?

ఇంగ్లీషులో ట్రాన్సెండెంటలిజం అని పిలిచే భావధారను మనవారు అతీతవాదమనీ అనుభవాతీతవాదమనీ అంటున్నారు. 1836 సెప్టెంబరులో అమెరికాలోని బోస్టన్ పరిసరాల్లో కొందరు యువ మతబోధకులు, రచయితలు కలిసి ఒక చర్చాగోష్ఠిని ప్రారంభించారు. అదే నెలలో రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ 'నేచర్' అనే చిన్న పుస్తకాన్ని ప్రచురించారు. సత్యం గ్రంథాల ద్వారానో చర్చి పెద్దల ద్వారానో మాత్రమే అందేది కాదనీ, ప్రతి మనిషికీ అది లోపలి నుంచి నేరుగా తెలిసే వీలుందనీ వీరి నమ్మకం. పేరు జర్మన్ తత్వవేత్త కాంట్ పరిభాష నుంచి వచ్చినా, వీరు దానికి కాంట్ ఒప్పుకోనంత విశాలమైన అర్థం ఇచ్చుకున్నారు. బోస్టన్‌కు సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న కాంకర్డ్ అనే చిన్న ఊరు వీరికి కేంద్రమైంది.

వ్యక్తివాదానికి పేరుపడిన ఈ ఉద్యమం ఒక గోష్ఠిగా మొదలై, 1840 నుంచి 1844 వరకు 'ది డయల్' అనే ఉమ్మడి పత్రికగా నడిచి, ఒకరి ఇళ్లలో ఒకరు భోజనాలు చేస్తూ, ఒకరి రాతప్రతులు ఒకరు దిద్దుతూ పెరిగిందన్న సంగతిని మొదటే గుర్తుంచుకోవడం మంచిది.

ఎమర్సన్ చెప్పిన 'సెల్ఫ్ రిలయన్స్' అంటే స్వావలంబనేనా?

నిఘంటువు ప్రకారం అదే. అయితే మన దగ్గర స్వావలంబన అనగానే సొంత కాళ్ల మీద నిలబడడం, ఒకరి ముందు చేయి చాపకుండా సంపాదించుకోవడం గుర్తుకు వస్తాయి. పొదుపు సంఘాల సమావేశాల్లో వినిపించే అర్థం అది. 1841లో వెలువడిన వ్యాసంలో ఎమర్సన్ మాట్లాడింది సంపాదన గురించి కాదు. నీ మనసు లోతుల్లో నీకు నిజమని తోచినది అందరికీ నిజమవుతుందని నమ్మగలగడమే ప్రతిభ అని ఆయన అన్నారు. ఆ వాక్యంలో 'అందరికీ' అన్న మాటను చాలామంది దాటేసి చదువుతారు. అదే సంపుటిలో ఉన్న 'ది ఓవర్ సోల్' వ్యాసం ఆ మాటకు ఆధారం చూపిస్తుంది: ప్రతి మనిషి విడి ఉనికీ ఒక మహా ఏకత్వంలో ఇమిడి ఉండి, మిగతా అందరితో ఒకటై ఉందని ఎమర్సన్ నమ్మకం. కనుక నిన్ను నువ్వు నమ్ముకోవడమంటే నీలోనూ ఎదుటివారిలోనూ ఉన్న ఒకే ఆత్మను నమ్ముకోవడం. 'అంతరాత్మను నమ్ముకోవడం' అంటే ఆయన ఉద్దేశానికి కొంత దగ్గరగా వస్తుందని నా అభిప్రాయం.

చిన్నప్పటి నుంచి అద్వైతం మాటలు చెవిన పడుతూ పెరిగిన మనకు ఇదంతా ఎంతో పరిచయమైనట్టు తోస్తుంది. అలా తోచడం వల్లనే ఇందులోని లోటు మన కంటికి ఆనదు. ఆత్మ నుంచి పరమాత్మకు ఎమర్సన్ చక్కని దారి వేశారు. ఆ దారి పొడవునా పక్కింటివారు ఎక్కడా ఎదురుపడరు.

సమాజం మీద ఆయనకు అంత కోపం దేనికి?

సమాజం ఎక్కడైనా తనలోని ప్రతి మనిషి పౌరుషానికీ వ్యతిరేకంగా కుట్ర పన్నుతూనే ఉంటుందని ఎమర్సన్ రాశారు. ఆ మాట వెనుక సొంత అనుభవం ఉంది. 1831లో ఆయన మొదటి భార్య ఎలెన్ పంతొమ్మిదేళ్ల వయసులో మరణించారు. మరుసటి ఏడు, చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజన సంస్కారాన్ని మనస్ఫూర్తిగా జరిపించలేనని చెప్పి ఆయన బోస్టన్‌లోని చర్చి ఉద్యోగాన్ని వదులుకున్నారు. మసాచుసెట్స్‌లో చర్చిల ఖర్చును ప్రజల పన్నులతో భరించే ఏర్పాటు 1833 వరకు కొనసాగిందని గుర్తు చేసుకుంటే, అటువంటి చోట బోధకుడు 'నాకు నమ్మకం లేదు' అని చెప్పి తప్పుకోవడం ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది. 1838లో హార్వర్డ్ దైవశాస్త్ర కళాశాలలో ఆయన చేసిన ప్రసంగం పెద్దలకు ఎంత కోపం తెప్పించిందంటే, దాదాపు ముప్పై ఏళ్ల పాటు ఆ విశ్వవిద్యాలయం ఆయనను మళ్లీ ప్రసంగానికి పిలవలేదు.

తెలుగులో సమాజానికి మనం వాడుకలో పెట్టుకున్న పేరు 'నలుగురు'. కష్టంలో నలుగురూ వస్తారని ధైర్యం చెప్పుకునేదీ, 'నలుగురూ ఏమనుకుంటారు' అని పిల్లల నోరు నొక్కేదీ ఆ ఒక్క మాటతోనే. ఎమర్సన్ తిరగబడింది ఆ రెండో నలుగురి మీద. పెళ్లి, చదువు, ఉద్యోగం, కులం విషయాల్లో ఆ రెండో నలుగురి చేతిలో నలిగినవారికి ఆయన వ్యాసం ఈనాటికీ ఊపిరినిస్తుంది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. మొదటి నలుగురిని కూడా ఆయన అదే వేటుతో నరికేశారా అన్నదే అడగవలసిన ప్రశ్న.

'వాళ్లు నా పేదలా?' అని ఎమర్సన్ నిజంగానే అడిగారా?

అడిగారు. పేదలందరినీ మంచి స్థితికి తెచ్చే బాధ్యత నా మీద ఉందని చెప్పకండి, వాళ్లు నా పేదలా అని 'సెల్ఫ్ రిలయన్స్'లో సూటిగా రాశారు. ఆత్మబంధం ఉన్నవారి కోసం జైలుకైనా వెళతానని, రకరకాల దాన సంఘాలకు ఇచ్చే డాలరు మాత్రం చెడ్డ డాలరని, అయినా సిగ్గుపడుతూనే అప్పుడప్పుడు ఇచ్చేస్తున్నానని అక్కడే చెప్పుకున్నారు. పేరు కోసం చేసే దానాలను ఖండించడమే ఇందులో ఆయన ఉద్దేశమని సమర్థించేవారు అంటారు. ఆ ఉద్దేశం ఉన్నమాట నిజమే. అయినా నేను ఈ వాక్యాన్ని సమర్థించలేను. ఆకలితో ఉన్నవాడు నా ఆత్మకు బంధువా కాదా అని తేల్చుకునే అధికారాన్ని కడుపు నిండినవాడి చేతిలో పెట్టడం ఆ తత్వంలోని అసలు బలహీనతను బయటపెడుతుంది.

థోరో వాల్డెన్ దగ్గర నిజంగా ఒంటరిగా బతికారా?

హెన్రీ డేవిడ్ థోరో 1845 జూలై 4న వాల్డెన్ చెరువు గట్టున తన గుడిసెలో చేరి, 1847 సెప్టెంబరు 6న అక్కడి నుంచి వచ్చేశారు. రెండేళ్ల రెండు నెలల రెండు రోజులు. గుడిసె పొడవు పదిహేను అడుగులు, వెడల్పు పది అడుగులు. అయిన ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని ఆయనే లెక్క రాశారు. ఆ లెక్కలో నేల ధర కనిపించదు, ఎందుకంటే ఆ నేల ఎమర్సన్‌ది. మొదట చెట్లు కొట్టిన గొడ్డలి అరువు తెచ్చింది. గోడల పలకలు ఒక ఐరిష్ రైల్వే కూలీ నుంచి 4 డాలర్ల పాతిక సెంట్లకు కొన్న పాకవి. మే నెలలో చట్రం నిలబెట్టిన రోజు స్నేహితులు వచ్చి చేయి వేశారు. తనకు అవసరమై కాదు, పొరుగుతనానికి అదొక మంచి సందర్భమని పిలిచానని థోరో రాశారు. రైలు పట్టాలు చెరువు పక్కగానే పోతాయి. ఊరు కాలినడకన అరగంట దూరం. ఒకటి రెండు రోజులకోసారి ఊళ్లోకి వెళ్లి కబుర్లు విని వచ్చేవాడినని కూడా దాపరికం లేకుండా చెప్పుకున్నారు.

వాల్డెన్‌లో ఇప్పుడు వాహనాలు నిలిపే స్థలం పక్కనే ఆ గుడిసెకు నకలు కట్టి ఉంచారు. నేను వెళ్లినప్పుడు తలుపు తీసే ఉంది. ఒక మంచం, ఒక బల్ల, రాసుకునే మేజా, పొయ్యి, మూడు కుర్చీలు. లోపల నిలబడి చేతులు చాపితే గది సగం నిండినట్టు ఉంటుంది. ఒక కుర్చీ ఏకాంతానికి, రెండు స్నేహానికి, మూడు సమాజానికి అని థోరో రాసిన వాక్యం చదివినప్పుడు అలంకారమనుకున్నాను. ఆ మూడింటినీ ఒకచోట చూసినప్పుడు అది సామాన్ల జాబితాగా అర్థమైంది. అంత చిన్న గదిలో, సామాను తగ్గించుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషి, తాను కూర్చోలేని రెండు కుర్చీలను తెచ్చి పెట్టుకున్నారు. ఒక్కోసారి పాతిక ముప్పై మంది ఆ కప్పు కింద చేరేవారని కూడా రాశారు. ఆ రోజుల గురించి ఆయన రాసిన 'వాల్డెన్' పుస్తకంలో 'ఏకాంతం' అధ్యాయం ముగియగానే వచ్చేది 'అతిథులు'.

అలాగైతే ఆ ఏకాంతం అంతా బూటకమేనా?

కాదు. తల్లి ఇంటికి భోజనానికి వెళ్లేవాడని, ఎమర్సన్ చలవతో బతికాడని ఆయనను ఎగతాళి చేసేవారు అనేకులు. తాను మనుషులకు దూరంగా అడవిలో మాయమయ్యానని థోరో ఎక్కడా చెప్పుకోలేదు. బతుకుకు నిజంగా ఏది అవసరమో, ఏది నలుగురి కోసం మోస్తున్న బరువో విడదీసి చూడడానికి కొంత ఎడం తీసుకున్నారు. మూడేళ్ల క్రితమే, 1842 జనవరిలో, అన్న జాన్ ధనుర్వాతంతో ఆయన చేతుల్లో ప్రాణం విడిచాడు. ఇద్దరూ కలిసి చేసిన పడవ ప్రయాణం గురించిన పుస్తకాన్ని ఆయన ఈ గుడిసెలోనే కూర్చుని రాశారు. దుఃఖంలో ఉన్న మనిషికి తలుపు వేసుకునే గదీ కావాలి, ఆ తలుపు తట్టేవారూ కావాలి.

వాల్డెన్ అడవిలో ఆయన కంటే ముందు ఎవరైనా ఉండేవారా?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ; అందుకే నేనే అడుగుతున్నాను. ఒకప్పుడు బానిసలుగా బతికిన కేటో ఇంగ్రహామ్, బ్రిస్టర్ ఫ్రీమన్ వంటి నల్లజాతివారు ఆ అడవి అంచుల్లోనే గుడిసెలు వేసుకుని ఉండేవారు. జిల్ఫా అనే స్త్రీ ఒంటరిగా చిన్న ఇంట్లో ఉంటూ ఊరివారికి నార నూలు వడికి బతికేది. అమెరికా, బ్రిటన్‌ల మధ్య జరిగిన 1812 నాటి యుద్ధ కాలంలో పరోల్ మీద ఉన్న ఇంగ్లీషు సైనిక ఖైదీలు ఆ ఇంటిని తగలబెట్టారు. పిల్లీ, కుక్కా, కోళ్లతో సహా అది కాలిపోయింది. బ్రిస్టర్ నాటిన ఆపిల్ చెట్లు తన కాలానికి ఇంకా కాస్తున్నాయని థోరో తన పుస్తకంలో ఒక అధ్యాయం కేటాయించి వీరిని తలుచుకున్నారు.

వీరిని అడవికి పంపింది ఏ తత్వమూ కాదు. స్వేచ్ఛ వచ్చినా ఊరి నడుమ చోటు దొరకని మనుషులకు ఊరి చివర, ఎవరికీ పనికిరాని ఇసుక నేల మిగిలింది. ఎంచుకున్న ఏకాంతాన్నీ నెట్టివేయబడిన ఒంటరితనాన్నీ ఒకే త్రాసులో తూచకూడదు. థోరోకు మూడో కుర్చీలో కూర్చోవడానికి ఊరు వచ్చింది. జిల్ఫా ఇంటికి ఊరు తన నూలు పని కోసమే వచ్చింది.

ఈ వ్యక్తివాదులే ఉమ్మడి జీవనానికీ ప్రయత్నించారు కదా. ఆ ప్రయత్నాలు ఏమయ్యాయి?

రెండు ప్రయత్నాలు జరిగాయి. 1841లో జార్జ్ రిప్లీ, సోఫియా రిప్లీ దంపతులు వెస్ట్ రాక్స్‌బరీలో బ్రూక్ ఫార్మ్ అనే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రాన్ని స్థాపించారు. ఒక వాటా ధర 500 డాలర్లు. పొలం పనికీ పాఠం చెప్పడానికీ బట్టలు ఉతకడానికీ, మగవారికీ ఆడవారికీ ఒకటే కూలి కట్టారు. రమ్మని పిలిచినప్పుడు ఎమర్సన్ చాలా మథనపడి రానన్నారు. ఇప్పుడున్న జైలు నుంచి ఇంకొంచెం పెద్ద జైలుకు మారాలని లేదని తన దినచర్యలో రాసుకున్నారు. నవలాకారుడు నథానియల్ హాథార్న్ చేరి, కొన్ని నెలలు పేడ ఎత్తి, ఈ శ్రమతో రాయడానికి ఓపిక మిగలడం లేదని తిరిగి వచ్చేశారు. అక్కడి బడికి మంచి పేరు వచ్చింది, సాయంత్రాలు పాటలతో, నాటకాలతో గడిచాయి, పొలం మాత్రం గిట్టుబాటు కాలేదు. 1846 మార్చి 3న, కట్టడం పూర్తి కావస్తున్న పెద్ద భవనం బీమా లేకుండా కాలిపోయింది. మరుసటి ఏటికి అంతా ముగిసింది. రిప్లీ ఆ తర్వాత న్యూయార్క్‌లో పత్రికా రచన చేస్తూ ఆ అప్పులను ఏళ్ల తరబడి తీర్చారు. తాను నమ్మిన సమాజం పోయాక కూడా దాని అప్పు తనదేనని భుజాన వేసుకున్న రిప్లీ అంటే, ఈ బృందం మొత్తంలో, నాకు ప్రత్యేకమైన గౌరవం.

రెండోది ఫ్రూట్‌లాండ్స్. 1843 జూన్‌లో ఇదే బృందానికి చెందిన బ్రాన్సన్ ఆల్కాట్, ఆయన ఇంగ్లీషు మిత్రుడు చార్లెస్ లేన్ కలిసి సుమారు తొంభై ఎకరాల పొలంలో మొదలుపెట్టారు. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. గొర్రెల నుంచి దోచుకున్నదని ఉన్ని కూడదు, బానిసలు పండించినదని పత్తి కూడదు, అందరికీ నార బట్టలే. ఆశయాల్లో ఏ ఒక్కటీ చెడ్డది కాదు. మనుషులను సంస్కరించే ఉపన్యాసాలకు పురుషులు ఊళ్లు తిరుగుతుంటే, వండి, కుట్టి, పిల్లలను చూసుకునే పని అంతా ఆల్కాట్ భార్య అబిగైల్ మీద పడింది. వారి కూతురు లూయిసాకు అప్పుడు పదేళ్లు. పెద్దయ్యాక 1873లో ఆమె ఆ రోజులను కథగా రాశారు. కోసిన బార్లీ పొలంలోనే ఉండగా తుఫాను మబ్బు కమ్ముకొస్తుంది, మగవారు ఊళ్లో లేరు. తల్లి, పిల్లలు బట్టల బుట్టలూ దుప్పట్లూ పట్టుకుని పొలానికి పరిగెత్తి, చేతనైనంత గింజను ఇంటికి చేరుస్తారు. అక్కడ బరువులు మోసే జంతువులు ఏమైనా ఉన్నాయా అని ఒక అతిథి అడిగితే, 'ఒక ఆడమనిషి ఉంది' అని ఆ తల్లి జవాబు చెబుతుంది. 1844 జనవరికి, ఏడు నెలలకే, ఫ్రూట్‌లాండ్స్ మూతపడింది.

ఈ దృశ్యం చదివిన నాటి నుంచి, ఎవరి ఏకాంతం గురించి విన్నా, ఎవరి ఆదర్శ సమాజం గురించి విన్నా, దాని బరువు ఎవరి నెత్తిన ఉందని అడగడం నాకు అలవాటైంది. వ్యక్తివాదానికీ ఉమ్మడి జీవన ఆదర్శానికీ రెంటికీ పనికివచ్చే ప్రశ్న అది.

అప్పటి స్త్రీలు ఈ వ్యక్తివాదాన్ని ఎలా తీసుకున్నారు?

మార్గరెట్ ఫుల్లర్ ఉదాహరణ చాలు. 'ది డయల్'కు మొదటి సంపాదకురాలు ఆమె. 1839 నుంచి అయిదేళ్ల పాటు బోస్టన్‌లో స్త్రీల కోసం సంభాషణా గోష్ఠులు నడిపారు. విశ్వవిద్యాలయం గడప తొక్కే వీలులేని స్త్రీలు అక్కడ పురాణాలు, కళ, నీతి గురించి వినడంతో ఆగకుండా తామే మాట్లాడాలన్నది నియమం. 1845లో స్త్రీల స్థితిపై పుస్తకం ప్రచురిస్తూ, స్త్రీ ముందు తన మీద తాను నిలబడడం నేర్చుకోవాలని రాశారు. ఎమర్సన్‌కు తన మనసు తనదేనన్న సంగతి పుట్టుకతోనే దక్కింది; స్త్రీలు దాన్ని సాధించుకోవలసి వచ్చింది, అది కూడా ఒకరి మాట ఒకరు వినే గదిలో కూర్చుని. సొంత గొంతు దొరకడానికి తోడు అవసరమని ఆమె ఆచరణలో చూపించారు. 1850లో ఇటలీ నుంచి తిరిగి వస్తూ న్యూయార్క్ తీరం దగ్గర ఓడ మునిగి, భర్తతో, పసిబిడ్డతో సహా మరణించకపోయి ఉంటే ఈ చర్చ ఇంకెంతో ముందుకు పోయి ఉండేది.

బానిసత్వం విషయంలో ఒంటరి అంతరాత్మ సరిపోయిందా?

సరిపోలేదు. అంతరాత్మ ఉన్నా ఎమర్సన్ చాలా ఏళ్లు ఆ విషయంలో వెనకబడే ఉన్నారు. సంస్కరణ సంఘాలంటే ఆయనకు చిరాకు. మనిషి లోపల మారితే లోకం మారుతుందని ఆయన వాదం. ఆయన ఇంట్లోనే మరో ఆలోచన నడుస్తోంది. 1837లో ఏర్పడిన కాంకర్డ్ స్త్రీల బానిసత్వ వ్యతిరేక సంఘంలో ఆయన భార్య లిడియన్, థోరో తల్లి సింథియా, అక్కచెల్లెళ్లు పనిచేసేవారు. కరపత్రాలు పంచడం, చందాలు పోగుచేయడం, వక్తలను పిలిపించి ఇంట్లో దింపుకోవడం వంటి పేరు రాని పనులను వారు ఏళ్ల తరబడి చేశారు. చివరికి 1844 ఆగస్టు 1న, బ్రిటిష్ వెస్టిండీస్ బానిసల విముక్తి వార్షికోత్సవానికి ఎమర్సన్‌ను వారు వేదిక ఎక్కించారు. ఊరి చర్చిలు చోటివ్వలేదు. సభను కోర్టు భవనంలో పెట్టుకున్నారు. జనాన్ని పిలవడానికి గంట కొట్టేవారు ముందుకు రాకపోతే థోరో వెళ్లి తానే తాడు లాగి చర్చి గంట మోగించారు. రెండేళ్లకు అదే సంఘం తన వార్షిక సభను వాల్డెన్ గుడిసె ముంగిట జరుపుకుంది.

1850లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలనే చట్టం వచ్చినప్పుడు, దాన్ని పాటించనని ఎమర్సన్ రాసుకున్నారు. అప్పటికి ఆయన గొంతులో సందేహం లేదు. నా దృష్టిలో ఇక్కడ రెండు వైపులూ ఒకదానికొకటి కావలసి వచ్చాయి. ఊరి మర్యాదస్తులంతా ఒకవైపు ఉన్నప్పుడు ఎదురు నిలిచే ధైర్యాన్ని స్వీయ విశ్వాసం ఇచ్చింది, దేని కోసం నిలబడాలో మాత్రం ఆయనకు ఆ చిన్న సంఘం చూపించింది.

పన్ను కట్టనన్న థోరో ఒంటరి నిరాకరణ సామూహిక ఉద్యమాలకు ఎలా పనికివచ్చింది?

1846 జూలైలో, బాగుకు ఇచ్చిన చెప్పు తెచ్చుకోవడానికి ఊళ్లోకి వెళ్లిన థోరోను తలపన్ను బకాయికి ఒక రాత్రి జైల్లో పెట్టారు. బానిసత్వాన్ని కాపాడే, మెక్సికోపై యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి పన్ను కట్టనని ఆయన నిశ్చయం. ఆయనకు ఇష్టం లేకుండానే ఎవరో ఆ పన్ను కట్టేశారు. మర్నాడు చెప్పు తెచ్చుకుని, హకల్‌బెర్రీ పళ్లు కోయడానికి తన కోసం ఎదురుచూస్తున్న బృందంతో కలిసి కొండకు వెళ్లిపోయారు. 1849లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఇంకో మాట కూడా రాశారు: రహదారి పన్ను మాత్రం ఎన్నడూ ఎగ్గొట్టలేదు, ఎందుకంటే చెడ్డ ప్రజగా ఉండాలని ఎంత కోరికో మంచి పొరుగువాడిగా ఉండాలనీ అంతే కోరిక. ఆయన రచనల్లో నాకు అత్యంత విలువైనదిగా తోచే వాక్యం ఇదే.

గాంధీజీ దక్షిణాఫ్రికాలో సత్యాగ్రహాన్ని 1906లోనే మొదలుపెట్టారు; థోరో వ్యాసం సారాంశాన్ని 1907లో తన 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో ప్రచురించారు. అంటే సత్యాగ్రహం థోరో నుంచి పుట్టలేదు, ఆయనలో ఒక సాక్షిని చూసుకుంది. ఇక మన నేల మీద 1921లో చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీనీ దాని పన్నులనూ నిరాకరించిన తీరు చూడండి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలాది మంది ఇళ్లకు తాళాలు వేసి, ఊరి పొలిమేర దాటి రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని, ఎండకూ వానకూ ఓర్చి సుమారు పదకొండు నెలలు గడిపారు. థోరోకు ఒక రాత్రికి కావలసిన ధైర్యం వేరు. చంటిపిల్లలతో, ముసలివారితో, మగ్గాలతో ఊరు ఊరంతా కదిలి నెలల తరబడి నిలవడానికి కావలసిన ధైర్యం వేరు. దానికి రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం కావాలి, పంచుకునే వంట కావాలి, పక్క పాకలోని మనిషి ఇంకా నిలబడే ఉన్నాడన్న నమ్మకం కావాలి.

వాల్డెన్‌కూ భారతదేశానికీ నేరుగా ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. థోరో గుడిసెలో ఉండగా భగవద్గీతను చార్లెస్ విల్కిన్స్ ఇంగ్లీషు అనువాదంలో చదివారు. 1846-47 శీతాకాలంలో కూలీలు వచ్చి వాల్డెన్ చెరువు మంచును దిమ్మలుగా కోశారు. ఆ కాలంలో అక్కడి మంచు ఓడలెక్కి కలకత్తా, బొంబాయి, మద్రాసు దాకా వచ్చేది. మద్రాసులో ఎండకు అల్లాడేవారు నా బావి నీళ్లు తాగుతున్నారని, వాల్డెన్ నీరు గంగ నీటితో కలుస్తోందని ఆయన సంబరంగా రాశారు. మంచు దింపిన ఐస్ హౌస్ భవనం చెన్నై సముద్రతీరంలో వివేకానందుల పేరుతో ఇప్పటికీ ఉంది. ఏకాంతంలో కూర్చున్న మనిషి తన చెరువు ఎవరెవరి దాహంతో ముడిపడి ఉందో లెక్కపెట్టుకోవడం నాకు ఎంతో నచ్చుతుంది.

మనిషికి తోడు అవసరమని ఆధునిక పరిశోధన ఏమంటోంది?

ఫ్రెంచి ఆలోచనాపరుడు టాక్విల్ 1840లోనే, వ్యక్తివాదం పౌరుడిని కుటుంబం, స్నేహితులు అనే చిన్న వలయంలోకి ముడుచుకునేలా చేస్తుందని, దానికి విరుగుడు స్వచ్ఛంద సంఘాలని రాశారు. 1995లో బౌమైస్టర్, లియరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఒకచోట చెందాలన్న కోరిక మనిషికి మౌలిక అవసరమని ఆధారాలతో వాదించారు. 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఒంటరితనాన్ని ప్రజారోగ్య సమస్యగా ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. అయితే ఈ పరిశోధనలు చెప్పేది ఏకాంతం చెడ్డదని కాదు. తోడు ఉందన్న భరోసా లేని ఏకాంతం శరీరాన్నీ మనసునూ తినేస్తుందని.

చివరికి రెండింటిలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలి?

ఎమర్సనే 1870 నాటి 'సొసైటీ అండ్ సాలిట్యూడ్' సంపుటిలో ఒక మాట అన్నారు: ఏకాంతం ఆచరణ సాధ్యం కాదు, సమాజం ప్రాణాంతకం, తల ఒకదానిలో, చేతులు రెండో దానిలో ఉంచుకోవాలి. తర్వాతి కాలంలో చెప్పిన ఈ మాట, ముప్పై ఏడేళ్లప్పటి వ్యాసం కంటే నాకు నమ్మదగినదిగా అనిపిస్తుంది. తీర్పు చెప్పే వేళ, అన్యాయానికి తలూపమని నలుగురూ బలవంతపెట్టే వేళ, నేను అతీతవాదుల పక్షమే. కానీ ఆ తీర్పు చెప్పగలిగే మనిషిని పెంచింది ఎవరు, ఆ మనిషి జబ్బుపడితే చూసేది ఎవరు అన్న చోట వారి పుస్తకాలు మౌనంగా ఉన్నాయి. జవాబు వారి జీవితాల్లో ఉంది. దాన్ని తత్వంలోకి రానివ్వకపోవడమే వారి లోపం.

ఎమర్సన్ ఇల్లు కాలిపోయినప్పుడు ఏమైంది?

1872 జూలై 24 తెల్లవారుజామున ఎమర్సన్ ఇంటికి నిప్పంటుకుంది. ఆయనకు అరవై తొమ్మిదేళ్లు, జ్ఞాపకశక్తి అప్పటికే తగ్గుతోంది. కేక విని పరుగెత్తుకొచ్చిన పొరుగువారు పొగలోకి చొరబడి పుస్తకాలు, కాగితాలు, కుర్చీలు, బట్టలు చేతికందినవన్నీ వానలోకి మోసుకొచ్చారు. కప్పు కూలిపోయింది. స్నేహితులు తమలో తాము చందాలు వేసుకుని వేల డాలర్లు పోగుచేసి, ఆయన నొచ్చుకోకుండా జాగ్రత్తపడుతూ చేతిలో పెట్టారు. కూతురు ఎలెన్‌ను తోడిచ్చి యూరప్‌కూ ఈజిప్టుకూ పంపించారు. ఆయన నైలు నది మీద ఉండగా కాంకర్డ్‌లో వడ్రంగులు ఆ ఇంటిని మునుపటి కొలతలతోనే తిరిగి కట్టారు.

1873 మే నెలలో రైలు కాంకర్డ్‌కు చేరేసరికి ఊరి గంటలు మోగుతున్నాయి. స్టేషన్ నిండా జనం, బడిపిల్లలు. ఇంటి ముందు పచ్చని ఆకులతో తోరణం కట్టారు. లోపల పుస్తకాలు మునుపటిలాగే అరల్లో సర్ది ఉన్నాయి, గోడలకు పటాలు పాత చోట్లనే ఉన్నాయి. ఆయన గదులన్నీ చూసి, తిరిగి గేటు దాకా నడిచి వచ్చి, అక్కడ నిలబడి ఉన్నవారికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు.